పురుషత్రయము: వలస బాల్యపు ఆత్మకథలలో భాషాభ్యాసము, మనఃస్వాస్థ్యము

స్వస్థానమును విడిచి పరదేశమున స్థిరపడిన కుటుంబములందు పెద్దలు జీవనోపాధిని వెదకికొందురు. పిల్లలు భాషను వెదకికొందురు. పెద్దలకు క్రొత్త భాష ఒక పనిముట్టు. పిల్లలకు అట్లు గాదు. తామెవ్వరో ఇంకను పూర్తిగా ఎఱుగని వయస్సున వారు ఆ భాషలో ప్రవేశించి, ఆ భాషలోనే తమ్ము తాము గుర్తింపవలసినవారగుచున్నారు. వీరి భాషాశిక్షణమును, మనఃస్వాస్థ్యమును రెండు వేఱు శాఖలుగా భావించి, మొదటిదానిని ఉపాధ్యాయునకును, రెండవదానిని వైద్యునకును అప్పగించు తలంపు విద్యానిర్వాహకులలో సామాన్యముగా కానవచ్చును. ఆ విభజనము ఎంతవఱకు యుక్తమో తెలిసికొనుటకు సాహిత్యమున ఒక ప్రబలమైన సాక్ష్యము కలదు. అది వలస కుటుంబముల పిల్లలు పెరిగి పెద్దవారై, నేర్చుకొన్న భాషలోనే వ్రాసిన ఆత్మకథలు.

ఈ వ్యాసమునకు అట్టి మూడు గ్రంథములు ఆధారములు. మేరీ ఆంటిన్ వ్రాసిన 'ది ప్రామిస్డ్ లాండ్' 1912లో వెలువడెను. ఆమె 1881లో, నాటి రష్యా సామ్రాజ్యమునకు చేరిన పొలొట్స్క్ పట్టణమునందలి యూదు కుటుంబమున జన్మించి, 1894లో అమెరికాలోని బోస్టను నగరమును చేరెను. ఆమె ఇంటిభాష యిడ్డిష్. ఈవా హాఫ్మన్ 1945లో పోలండు దేశపు క్రాకోవ్ నగరమున జన్మించి, 1959లో పదుమూడేండ్ల ప్రాయమున కెనడాలోని వాంకూవరు చేరెను. ఆమె గ్రంథము 'లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్' 1989లో వెలువడెను. రిచర్డ్ రోడ్రిగెజ్ తాను వలస వచ్చినవాడు గాడు. మెక్సికో నుండి వచ్చిన తలిదండ్రులకు 1944లో అమెరికాలోనే జన్మించి శాక్రమెంటో నగరమున పెరిగెను. అయినను బడిలో చేరునాటికి అతనికి వచ్చిన ఆంగ్లపదములు సుమారు ఏబది మాత్రమే. అతని 'హంగర్ ఆఫ్ మెమరీ' 1982లో వెలువడెను.

మువ్వురును ఆంగ్లమున ప్రౌఢరచయితలైరి. భాషాశిక్షణమునకు ఫలితము భాషాప్రావీణ్యమే యైనచో ఈ మూడును విజయగాథలు. కాని గ్రంథములను శ్రద్ధతో చదివినచో ఆ విజయమునకు వెనుక ఒక వెల కానవచ్చుచున్నది. ఆ వెల అనివార్యమా, లేక నేర్పిన పద్ధతివలన కలిగినదా యనునది ఈ వ్యాసమందలి ప్రశ్న. నేర్చుటవలన కలిగిన వెల వేఱు, విడిపించుటవలన కలిగిన వెల వేఱు. ఈ రెంటిని ఒకటిగా లెక్కించుటయే ఈ విషయమునందలి పెక్కు వాదములకు మూలమైన పొరపాటని నా యభిప్రాయము.

1. నామాంతరము

మూడు గ్రంథములందును క్రొత్త భాషతోడి తొలి పరిచయము పేరుతో ముడిపడియుండుట గమనింపదగినది. ఆంటిన్ కుటుంబమున మాష్కె అను బాలిక మేరీ అయ్యెను. ఆమె అక్క ఫెచ్కె ఫ్రీడా అయ్యెను. విచిత్రమైన అమెరికా పేరొకటి లభించునని ఆశపడిన మాష్కె, మేరీ అను మాట విని కొంత నిరుత్సాహపడెను. అయినను, పొలొట్స్కున అరుదుగా మాత్రమే వినబడు ఇంటిపేరు ఇచ్చట నిత్యము తనదగునని తెలిసి తృప్తిపడెను. ఆమెకు పేరు మార్పు ఒక గౌరవప్రాప్తి.

హాఫ్మన్ అనుభవము దీనికి విపరీతము. బడిలో చేరిన తొలినాడు పెద్దలు క్షణకాలము ఆలోచించి ఎవాను ఈవాగాను, ఆమె చెల్లెలు అలీనాను ఎలేన్‌గాను మార్చిరి. అక్కచెల్లెండ్రు తమ పేర్లను తామే సరిగా పలుకలేనివారై తమ స్థానములలో పోయి కూర్చుండిరి. రోడ్రిగెజ్ విషయమున, క్రైస్తవ సన్యాసిని యొకతె అతనిని తరగతికి పరిచయము చేయుచు పేరును ఆంగ్లోచ్చారణతో పలికెను. తన పేరు ఆంగ్లమున వినుట అతనికి అదియే మొదటిసారి.

ఒకే క్రియకు ఇట్లు ఫలభేదము కలుగుటకు కారణమేమి? ఆంటిన్‌కు పేరు పెట్టినవారు బడివారు గారు. అంతకు కొన్ని సంవత్సరములు ముందుగా వచ్చి స్థిరపడిన కుటుంబమిత్రులు కూడి ఆలోచించి నిర్ణయించిరి. అనగా ఆమె క్రొత్త పేరు పాత సమాజము చేతుల మీదుగా వచ్చినది. హాఫ్మన్ పేరును నిర్ణయించిన పెద్దలు దానిని ఒక సౌకర్యముగా మాత్రమే భావించిరి. మన సంప్రదాయమున నామకరణము సంస్కారములలో ఒకటి. పేరు పెట్టువారు బిడ్డ యెడల బాధ్యత వహింతురు. బాధ్యత లేని నామకరణము సంస్కారము గాక గుర్తుచీటి మాత్రమగుచున్నది. బడి రిజిష్టరులో పేరు వ్రాయునపుడు ఉపాధ్యాయుడు చేయు తొలి భాషాపాఠము ఇదియే యనుట అతిశయోక్తి గాదు.

2. వ్యంజన లేని పదములు

హాఫ్మన్ గ్రంథమున మిక్కిలి ప్రసిద్ధమైన భాగము 'నది' అను మాటను గూర్చినది. పోలిష్ భాషలో ఆ మాట ఆమెకు సజీవమైనది; తాను ఎఱిగిన నదుల తడి, వాటి యొడ్డున గడచిన బాల్యము అందు నిండియుండెను. ఆంగ్లమున అదే అర్థము గల మాట చల్లబడి, ఏ స్మృతిని మేల్కొల్పనిదై నిలచెను. ఆమెకు పదార్థము తెలియకపోలేదు. పదమునకు పరివేషము లేకపోయెను.

దీనిని వివరించుటకు మన యలంకారశాస్త్రము మిక్కిలి ఉపకరించును. శబ్దవ్యాపారములను అభిధ, లక్షణ, వ్యంజన యని మూడుగా విభజించిన శాస్త్రకారులు లక్షణకు ఇచ్చిన ప్రసిద్ధోదాహరణము కూడ నదికి సంబంధించినదే యగుట విశేషము. గంగలో గొల్లపల్లె కలదన్నపుడు, ప్రవాహమున పల్లె యుండజాలదు గనుక ఒడ్డున నున్నదని లక్షణచే గ్రహింతుము. ఆ పల్లె యొక్క చల్లదనము, పావనత్వము వ్యంజనచే స్ఫురించును. కాని ఈ స్ఫురణము గంగను ఎఱిగినవానికే. ఎఱుగనివానికి ఒడ్డు అందును, చల్లదనము అందదు. రసానుభవమునకు పూర్వవాసన ఆవశ్యకమని అభినవగుప్తుడు చెప్పినదానికి ఈ బాలిక అనుభవము ఒక విషాదోదాహరణము. ఆమె యందు సహృదయత్వమునకు లోపము లేదు. వాసన ఒక భాషలోను, జీవితము మఱొక భాషలోను ఉండుటయే ఆమె కష్టము.

ఇది వినోదార్థమైన శాస్త్రచర్చ కాదు. రాత్రి నిద్రకు ముందు తనలో తాను మాటలాడుకొనుట ఆమెకు అలవాటు. వాంకూవరులో ఆ ఘడియయందు పోలిష్ మాటలు రాకపోయెను. ఆంగ్లపు మాటలు ఇంకను ఆ లోతునకు దిగలేదు. అంతరంగమున భాషయే లేని స్థితి అది. పగలు తరగతిలో ఆమె బుద్ధిమంతురాలైన విద్యార్థిని. పరీక్షలు అభిధను కొలువగలవు. ఈ రాత్రి మౌనమును కొలువజాలవు. తరువాతి కాలమున ఆమె హార్వర్డ్ విశ్వవిద్యాలయమున సాహిత్యమందు డాక్టరేటు పొందెను. అట్టి విద్యార్థినికే ఈ యనుభవము కలిగినదనగా, మార్కులను చూచి పిల్లవాని మనఃస్థితిని ఊహించుట ఎంత ప్రమాదమో విశదమగుచున్నది.

రోడ్రిగెజ్ ఇదే విషయమును మఱొక దిక్కు నుండి చూపుచున్నాడు. బాల్యమున అతనికి ఆంగ్లము అర్థము కాని అపరిచితుల కంఠధ్వని. స్పానిష్ ఇంటిలోనివారి కంఠధ్వని. తలుపు మూసికొని ఇంటిలో అడుగిడినపుడు ఆ ధ్వనియే అతనికి ఆశ్రయము. ఆంగ్లము వచ్చిన కొలది అతడు ధ్వనులను వినుట మాని మాటల అర్థమును మాత్రము వినసాగెను. హాఫ్మన్‌కు క్రొత్త భాషలో వ్యంజన లేకపోయెను. రోడ్రిగెజ్‌కు పాత భాషలోని వ్యంజనయే క్షీణించెను.

3. నేను, నీవు, ఆమె

ఆత్మకథకు సహజమైనది ఉత్తమపురుష. ఈ మూడు గ్రంథములందును ఆ ఉత్తమపురుష సుఖముగా నిలువకుండుట ఒక ముఖ్యలక్షణము.

ఆంటిన్ తన గ్రంథపు పీఠికలో, తాను ఎవరి కథ చెప్పబోవుచున్నదో ఆ బాలిక తాను కాదనియు, తాను పూర్తిగా వేఱొక వ్యక్తి ననియు చెప్పుచున్నది. పొలొట్స్కు బాలిక ఆమెకు ప్రథమపురుష. ఈ మాటను ఆమె విజయసూచకముగానే పలికినది. కాని అదే పీఠికలో, ఎఱుకతో రెండు లోకములకు చెందియుండుట బాధాకరమనియు, తాను మఱపును కోరుచున్నదనియు చెప్పుకొన్నది. గ్రంథమంతయు వ్యాపించిన ఉత్సాహమునకు ఈ రెండు మాటలు లోతైన వ్యాఖ్యానము. హాఫ్మన్ తన గ్రంథమున ఆంటిన్‌ను పూర్వికురాలిగా స్మరించి, ఆ ఉత్సాహము క్రింద అణగియున్న దుఃఖమును ఎత్తిచూపుట ఈ సాహిత్యశాఖలో పరంపర ఎట్లు ఏర్పడినదో తెలుపుచున్నది.

హాఫ్మన్‌కు జన్మదినోత్సవమున ఒక దినచర్యపుస్తకము కానుకగా లభించెను. ఏ భాషలో వ్రాయవలెను? పోలిష్ గతమునకు చెందినది. ఆంగ్లము బడికి చెందినది. ఆమె ఆంగ్లమునే ఎన్నుకొనెను. కాని వ్రాయబూనినపుడు 'నేను' అను మాట వ్రాయలేకపోయెను. తన్ను తాను 'నీవు' అని సంబోధించి వ్రాయసాగెను. ఇచ్చట మధ్యమపురుష శైలీవిశేషము గాదు, అవసరము. ఉత్తమపురుషకు తగిన వ్యక్తి ఆ భాషలో ఇంకను జనింపలేదు.

రోడ్రిగెజ్ 'నేను' అని నిస్సంకోచముగా వ్రాయుచున్నాడు. కాని ఎవరితో చెప్పుచున్నాడు? అతని ఆత్మకథాత్మక వ్యాసమును చూచిన తల్లి, ఇంటి సంగతులను పరులకు చెప్పవలదని జాబు వ్రాసెను. అతడు వ్రాయుట మానలేదు. తలిదండ్రులతో చెప్పలేని మాటలను అపరిచితులైన పాఠకులతో చెప్పుటయే తన రచనాధర్మమని అతడు అంగీకరించుచున్నాడు. అతని ఉత్తమపురుష బహిరంగస్థలమున మాత్రము పలుకగలదు, ఇంటిలో పలుకదు.

కావున ఒకరికి బాల్యము ప్రథమపురుష, ఒకరికి మధ్యమపురుష, ఒకరికి ఇల్లు విడిచిన ఉత్తమపురుష. మనఃస్వాస్థ్యమనగా ఈ పురుషత్రయము ఒకే కంఠమున కలియుట యని ఈ గ్రంథములనుబట్టి నిర్వచింపవచ్చును. హాఫ్మన్ ప్రౌఢవయస్సున మానసిక చికిత్సకు పోయినపుడు, తన కథను మొదటి నుండి ఆంగ్లమున చెప్పుకొనుటయే తనకు చికిత్సయైనదనియు, అది ఒక విధమైన అనువాదమనియు భావించినది. బాల్యమున బడి చేయదగిన పనిని వైద్యాలయము చాల ఆలస్యముగా చేసినదని మనము గ్రహింపవచ్చును.

4. రోడ్రిగెజ్ వాదము, దానికి అతని గ్రంథమే సమాధానము

ఈ మువ్వురిలో విధానమును గూర్చి స్పష్టముగా వాదించినవాడు రోడ్రిగెజ్. అమెరికా ప్రభుత్వము 1968లో ద్విభాషావిద్యాచట్టమును చేసెను. 1974లో అక్కడి సర్వోన్నతన్యాయస్థానము, శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనీయభాషీయులైన విద్యార్థుల వ్యాజ్యమున, భాష తెలియని పిల్లలకు ఇతరులతో సమానముగా పుస్తకములను, ఉపాధ్యాయులను ఇచ్చినంత మాత్రమున సమానావకాశము కలుగదని తీర్పు చెప్పెను. ఈ నేపథ్యమున రోడ్రిగెజ్ ద్విభాషావిద్యను ఖండించెను. ఇంటిభాష ఆంతరంగికమైనది, బడిభాష బహిరంగమైనది. ఇంటిభాషలో బోధించినచో పేదపిల్లవాడు సమాజమున తనకు గల బహిరంగ వ్యక్తిత్వమును పొందుట ఆలస్యమగునని అతని వాదసారము. ఇది త్రోసిపుచ్చదగిన వాదము గాదు. దేశభాష రాని బాలుని జాలితో దూరముగా నుంచుట దయ గాదు. అది మర్యాదగా చేసిన బహిష్కారము. దేశభాష అతని హక్కు.

అయినను అతని గ్రంథము చెప్పు కథ ఈ వాదమునకు సరిపోవుట లేదు. కథాక్రమమును చూడుడు. పిల్లలు బడిలో వెనుకబడుచున్నారని సన్యాసినులు ఒకనాడు ఇంటికి వచ్చి, ఇంటిలో కూడ ఆంగ్లమే మాటలాడుడని తలిదండ్రులను కోరిరి. పిల్లల మేలు గోరి తలిదండ్రులు వెంటనే సమ్మతించిరి. అటుపిమ్మట ఒక శనివారము బాలుడు వంటయింటిలోనికి రాగా, స్పానిష్‌లో మాటలాడుకొనుచున్న తలిదండ్రులు అతనిని చూచినంతనే ఆంగ్లమునకు మారిరి. ఆ ధ్వనిభేదము అతనిని ఇంటి నుండి వెలివేసినట్లయ్యెను. అతడు ఆంగ్లము నేర్చుకొని తీరవలెనని నిశ్చయించుకొనెను, నేర్చెను. కాని ఇల్లు మూగవోయెను. స్పానిష్‌లో ఉల్లాసముగా ముచ్చటించు తండ్రి ఆంగ్లమున మితభాషి యయ్యెను. గ్రంథాంతమున క్రిస్మసు నాటి సాయంకాలము ఆ తండ్రి కొడుకును అడిగిన మాట, నీవును ఇంటికి పోవుచున్నావా యనునది మాత్రమే.

ఇందు రెండు సంఘటనలు కలవు. బడిలో ఆంగ్లము నేర్పుట ఒకటి; ఇంటి నుండి స్పానిష్‌ను తొలగించుట మఱొకటి. రోడ్రిగెజ్ ఈ రెంటిని ఒకే లాభమునకు చెల్లించిన ఒకే వెలగా లెక్కించుచున్నాడు. కాని మొదటిది జరుగుటకు రెండవది జరిగితీరవలెనని అతని గ్రంథమున ఎచ్చటను నిరూపితము గాలేదు. ఆత్మీయత భాషవలన గాక ఆత్మీయులవలననే కలుగునని అతడు సమాధానము చెప్పుకొనుచున్నాడు. సత్యమే. కాని ఆత్మీయులు మాటలాడుటకు ఒక భాష కావలెను గదా! తండ్రికి గల భాషను తీసివేసి, అతనికి రాని భాషను ఇచ్చి, ఆత్మీయతకు లోటు లేదనుట తర్కమునకు నిలువదు. రచయిత యొక్క తీర్పునకును, అతని సాక్ష్యమునకును విరోధము వచ్చినచోట విమర్శకుడు సాక్ష్యమునే గ్రహింపవలెను.

ఈ వివాదము పుస్తకములతో ముగియలేదు. రోడ్రిగెజ్ పెరిగిన కాలిఫోర్నియాలోనే ద్విభాషాబోధనను మిక్కిలి పరిమితము చేయు శాసనమును ఓటర్లు 1998లో ఆమోదించి, 2016లో మఱల ఓటుచే దానిలోని ప్రధానాంశములను రద్దుచేసిరి.

5. ఒకే గుమ్మము

నేర్పుటయు, విడిపించుటయు వేఱుచేయదగినవే యనుటకు చరిత్రలో నిదర్శనము కలదు. జేన్ ఆడమ్స్ 1889లో షికాగో నగరమున స్థాపించిన హల్‌హౌస్‌లో వలసదారులకు ఆంగ్లము నేర్పు తరగతులుండెను. 1900లో ఆమె అచ్చట ఒక శ్రమప్రదర్శనశాలను నెలకొల్పెను. వలస వచ్చిన స్త్రీలు తమ తమ దేశముల పద్ధతులలో నూలు వడకి, నేసి చూపుటకు అది వేదిక. ఆడమ్స్ 1910లో ప్రకటించిన స్వీయచరిత్రలో ఆంజెలీనా అను ఇటలీ బాలిక వృత్తాంతము కలదు. ఆ బాలిక వంట తరగతికి వచ్చెడిది. తల్లి ప్రదర్శనశాలలో నూలు వడకుటకు వచ్చెడిది. తలగుడ్డ కట్టి, మోటు చెప్పులు తొడిగిన తల్లితో కలిసి కనబడుటకు సిగ్గుపడి ఆ బాలిక వేఱొక గుమ్మము నుండి ప్రవేశించెడిది. ఒకనాడు విద్యాశాఖకు చెందిన సందర్శకులు తల్లి పనితనమును మెచ్చుకొనుట చూచెను. తల్లి పెరిగిన గ్రామమును గూర్చి ఆడమ్స్‌ను అడిగి తెలిసికొనెను. తరువాత ఆమె తల్లితో కూడ ఒకే గుమ్మము నుండి రాసాగెను.

ఇచ్చట ఆంగ్లబోధనము ఆగలేదు. వంట తరగతి ఆగలేదు. మారినది తల్లి యొక్క స్థానము. చికిత్స పేరు పెట్టకుండగనే జరిగిన చికిత్స ఇది. రోడ్రిగెజ్ ఇంటికి వచ్చిన సన్యాసినులు తలిదండ్రులను ఆటంకముగా చూచిరి. ఆడమ్స్ తల్లిని ఉపాధ్యాయురాలిగా చూచెను. రెండు చోట్లను ఉద్దేశము మంచిదే. ఫలితమును నిర్ణయించినది ఈ దృష్టిభేదము.

ఒక పరిమితిని చెప్పక తప్పదు. ఆత్మకథలు వ్రాసినవారు గెలిచినవారు. ఆంటిన్ బడిలో చేరిన నెలలలోనే ఆమె వ్రాసిన చిన్న వ్యాసమును ఉపాధ్యాయిని ఒక పత్రికలో అచ్చు వేయించెను. కాని అదే సెప్టెంబరు ఉదయమున అక్కచెల్లెండ్రిద్దరు గుమ్మమున నిలచినపుడు, చెల్లెలు బడికి పరుగెత్తెను. పెద్దది యగుటచే అక్క ఫ్రీడా కుట్టుపనికి పోయెను. ఆంటిన్ ఈ యన్యాయమును దాచలేదు. ఫ్రీడా ఆత్మకథ మనకు లేదు. భాషాభ్యాసమును గూర్చి మనకు గల సాక్ష్యమంతయు బడికి పోగలిగినవారిదే యని పరిశోధకులు సర్వదా జ్ఞాపకముంచుకొనవలెను.

6. ఉపసంహారము

ఈ పరిశీలనము తెలుగు శాఖకు దూరమైనదని తలంపరాదు. వలస యనగానే మన వారు పరభాషల నడుమ పడు పాట్లే మనకు స్ఫురించును. కాని పశ్చిమ ఒడిశాలోని బొలాంగీర్, నువాపడా మొదలగు జిల్లాల నుండి తెలంగాణలోని ఇటుకబట్టీలకు వచ్చు కుటుంబముల పిల్లలకు తెలుగే పరభాష. వారికొఱకు పనిస్థలములయందు ఒడియా మాధ్యమమున పాఠశాలలు నడపిన యత్నములు కలవు. 1956లో ఏడవ సవరణముచే రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనమును గూర్చి చెప్పుచున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము కూడ సాధ్యమైనంతవఱకు మాతృభాషలో బోధింపవలెనని విధించినది. ఈ పిల్లల విషయమున మనము పీడితభాషవారము గాము; గుమ్మమున నిలచిన గృహస్థులము. గృహస్థధర్మమేమో ఈ గ్రంథములు నేర్పుచున్నవి.

తేలిన యంశములు మూడు. మొదటిది: క్రొత్త భాషను పూర్తిగా, జాగు చేయక నేర్పవలెను, అది పిల్లవాని హక్కు. రెండవది: ఇంటిభాషను తొలగింపుమని ఇంటివారిని కోరుట భాషాబోధనములో భాగము గాదు, అది కుటుంబమునకు చేయు గాయము. మూడవది: పదమునకు అర్థము నేర్పినంతనే పాఠము ముగియదు. నది యను మాటను నేర్పు ఉపాధ్యాయుడు, మీ యూరి నది పేరేమని ఒకమాఱు అడిగి, ఆ పిల్లవాడు తన భాషలో చెప్పిన పేరును బల్లపై వ్రాసినచో, ఆ దినమున భాషాపాఠమును, మనఃస్వాస్థ్యమును వేఱువేఱు గంటలలో చెప్పవలసిన పని యుండదు.